గాలిమోటర్ గాలి

మానసిక వైద్యులు దయచేసి శంషాబాద్ వైపు రావద్దు. ఇక్కడ మీకు పని లేదు. తొండుపల్లిలో నోరున్న ప్రతి మనిషీ డాక్టరే, పైగా ఫీజు అడగడు!

అనుమానమా? ఈశ్వరయ్యను అడగండి. ఎయిర్‌పోర్టు తెరిచిన మరుసటి ఏడు అతని భార్య చంద్రమ్మకు ఆకలి పోయింది, నిద్ర పోయింది, మాట పోయింది. పొయ్యి మీద కూర మాడుతున్నా లేచేది కాదు. ఒకరోజు ఆమె ఒంటరిగా బావి అంచున కూర్చుని ఉండడం చూశాక ఈశ్వరయ్యకు ముద్ద దిగలేదు.

ఊరు ఊరుకుంటుందా? వైద్యం మొదలుపెట్టింది. పనిలేక వచ్చిన రోగమని ఎదురింటి పోచమ్మ తేల్చింది. తెల్లారకముందే లేచి బర్రెలన్నిటికీ పాలు పిండే మనిషికి పనిలేకపోవడమేమిటని ఎవరూ అడగలేదు. ధైర్యం తెచ్చుకోమని అందరూ చెప్పారు. అది ఏ దుకాణంలో దొరుకుతుందో ఒక్కరూ చెప్పలేదు.

చివరికి మంత్రగాడు బిక్షం వచ్చి గాలి తాకిందన్నాడు. నిమ్మకాయలు కోశాడు, కోడిని పట్టుకుపోయాడు. నెల తిరిగినా గుణం లేదు. అప్పుడతను తలెత్తి, ఇళ్ల మీదుగా పోతున్న విమానాన్ని చూశాడు. రోగం దొరికింది!

"ఇది మన గాలి కాదు ఈశ్వరన్నా. గాలిమోటర్ల దిగిన గాలి. దుబాయ్‌దో ఏందో. మన మంత్రం దానికి సమజ్ గాదు."

గాలిమోటర్ తెచ్చేది గాలి కాక మరేమిటి? ఊరికి కొంచెం గర్వంగా కూడా ఉంది. పక్కూరు సాతంరాయి వాళ్లకు దేశవాళీ దయ్యాలే, మనకు ఫారిన్‌ది!

దవాఖానకు పోదామని ఈశ్వరయ్య అంటే వదిన కౌసల్యమ్మ అడ్డుపడింది.

"గాలి తాకిందంటే అయ్యో అంటరు. పిచ్చి దవాఖానకు పోయిందంటే ఇంటికే పేరు పడ్తది."

ఎంత ముందుచూపు! మనిషి పోయినా ఫరవాలేదు, పేరు పడకూడదు.

ఈశ్వరయ్య చుట్టాల పెళ్లని అబద్ధమాడి భార్యను పట్నం తీసుకెళ్లాడు. డాక్టర్ గోలీలు రాశాడు. ఆ చుట్టాలింట్లో నెలనెలా పెళ్లేమిటని ఎవరికీ అనుమానం రాలేదు. కొన్నాళ్లకు చంద్రమ్మ కూరలో ఉప్పు చూసింది, మొగుణ్ణి తిట్టింది. ఆ తిట్టు విని ఈశ్వరయ్యకు సంతోషంతో ఏడుపొచ్చింది. మెప్పు మాత్రం బిక్షానికి దక్కింది. ఈశ్వరయ్య కాదనలేదు.

ఈలోగా పక్కింటి శివమ్మ కూడా తిండి మానేసి గోడకేసి చూస్తూ కూర్చోసాగింది. ఆమె భర్త మల్లేశ్వర్ వచ్చాడు.

"ఈశ్వరన్నా, చంద్రమ్మ వదినకు బిక్షం ఏం తాయెత్తు కట్టిండు? మా శివమ్మకు గూడ గదే కట్టిస్త."

ఈశ్వరయ్య నోరు తెరిచేలోపే చంద్రమ్మ బయటికి వచ్చింది.

"ఏం కట్టలే తమ్మీ. దవాఖానకు పోయి గోలీలు మింగిన. ఇప్పటికీ మింగుతున్న. శివమ్మను నేనే తోల్కపోత."

గోడ అవతల శివమ్మ ఆ మాట విన్నది. మెల్లగా లేచి చెప్పులు వేసుకుంది.

సాయంత్రానికి పోచమ్మ ఊరందరి తరఫున తీర్పు చెప్పింది.

"చంద్రమ్మకు గాలి ఇంకా వదల్లే. వదిలితే గింత సిగ్గులేకుండ నిజం చెప్తదా?"