ఇంద్రసేనను గుర్తుపట్టని ఫోన్

ఆ రోజు గొడవ మిక్సీ ప్లగ్గు దగ్గర మొదలైంది. చిక్కడపల్లిలోని ఆ ఇంట్లో ప్లగ్గులకు కొదవ లేదు గానీ, పెడితే ఊడిపోకుండా పట్టి ఉంచేది వంటింట్లో ఒక్కటే. దానికి ఇంద్రసేన తన ఫోన్ తగిలించాడు. దమయంతి దాన్ని పీకి, పల్లీల చట్నీ కోసం మిక్సీ తగిలించింది.

"సగం గూడ నిండలే. జర ఆగితే ఏమైతది?" అన్నాడు ఇంద్రసేన.

"నాకేం కాదు. ఇడ్లీలు ఉత్తగ తింటనంటే ఆగుత," అంది దమయంతి.

ఉత్త ఇడ్లీ తినడం కంటే ఓడిపోవడం నయమనుకుని అతను నోరు మూశాడు. సరిగ్గా అప్పుడే ఆమె చేతిలోని ఫోన్ వెలిగింది. ఎల్లేశం దగ్గర నుంచి సందేశం: "అన్నా, పౌడర్ ఏ కంపెనీది తేవాలె?"

దమయంతి చదివింది. ఆమె దేన్నీ చూసి వదిలేసే మనిషి కాదు. సబ్బు అట్ట వెనకున్న చీమల్లాంటి అక్షరాలు కూడా చదివాకే సబ్బు విప్పుతుంది.

"ఈ పౌడర్ ఎవరికి?"

"ఎల్లేశంకే. చెమటకాయలట."

"ఆయన చెమటకాయలకు కంపెనీ మీరు చెప్పాల్నా?"

ఇంద్రసేన చెయ్యి చాచి మిక్సీ తిప్పాడు. ఆ చప్పుడులో జవాబు చెప్పే పని తప్పింది.

నిజానికి ఆ పౌడర్ క్యారమ్ బోర్డుకు. ఎల్లేశం ఇంద్రసేనతో క్యారమ్ ఆడే మిత్రుడు, అందరూ అతన్ని స్ట్రైకర్ ఎల్లేశం అంటారు. ముషీరాబాద్‌లోని అతని ఇంట్లో పాత బోర్డు ఒకటి పాలిష్ పెట్టించుకుని కొత్త పెళ్లికొడుకులా తయారవుతోంది. దాని అత్తారిల్లు ఇంద్రసేన ఇంటి మీది గది.

ఆ గది ఖాళీ అయినప్పటి నుంచి దమయంతి అడుగుతూనే ఉంది. నారాయణగూడలో చదువుకున్న రోజుల్లో చరిత్రలో ఆమె క్లాసుకే ఫస్టు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదివే రోజా, స్నేహలత అనే అమ్మాయిలు కూరగాయల బండి దగ్గర ఆమెకు పరిచయమయ్యారు. బీరకాయలు ఏరుతూ ఆమె కాకతీయుల సంగతి చెబితే, బండి కదిలిపోయినా వాళ్లు కదల్లేదు. అప్పటి నుంచి "అక్కా, మాకు క్లాసు చెప్పు" అని వెంటపడ్డారు. పెళ్లయ్యాక అటక మీదకు ఎక్కిన చదువు మళ్లీ కిందకు దిగడానికి ఆమెకు కావలసింది ఆ ఒక్క గది.

ఇంద్రసేన వద్దనలేదు. వద్దంటే పోట్లాట అవుతుంది. "చూద్దాం" అన్నాడు. గోడ చెమ్మగా ఉందన్నాడు, కిటికీ చెక్కకు చెదలన్నాడు. అటు మిత్రులతో మాత్రం బోర్డు రావడమే ఆలస్యమన్నాడు. అది పైకెక్కి కూర్చుంటే, "ఇప్పుడు దీన్ని ఏడ పెడదం చెప్పు?" అని దమయంతినే సలహా అడగవచ్చని అతని లెక్క.

కాబట్టి బోర్డు గడప దాటేదాకా ఫోన్ కడుపులోని మాట ఫోన్‌లోనే ఉండాలి. ఇంతకాలం ఆ ఫోన్‌కు తాళమే లేదు. గ్యాసు, కరెంటు, తల్లి పింఛను అన్నీ ఇంటి యజమానిగా తన నంబరుకే కట్టుకున్నాడు. ఏ కోడ్ వచ్చినా ఆ ఫోన్‌కే రావాలి, ఎవరికి అవసరమైనా ఆ ఫోనే తియ్యాలి.

ఫోన్‌కు ఏ తాళం మంచిదని ఆఫీసులో విచారిస్తే సిబ్బంది రెండు పార్టీలుగా చీలిపోయి ఉన్నారని తెలిసింది. ముఖం పార్టీవాళ్లు ఫోన్ ఎత్తితే చాలంటారు. వేలి పార్టీకి పెద్ద శ్రీశైలం గారు. ఆ రోజు ఫైళ్లన్నీ పక్కన పెట్టి ఆయన ఇంద్రసేనకు బోధ చేశారు.

"వేలైతే జేబుల పెట్టుకోవచ్చు. ముఖం ఏ జేబుల పెడతవు?"

ఇంద్రసేన వేలి పార్టీలో చేరిపోయాడు. ఇంటికొచ్చి ఫోన్‌కు బొటనవేలి తాళం పెట్టుకున్నాడు. దమయంతి అది చూసింది. మర్నాడు మామిడికాయలు తెప్పించింది.

తొక్కు పెట్టే రోజు ఆ ఇంట్లో మగవాళ్లకు మినహాయింపు లేదు. దమయంతి కాయలు కొడుతుంటే, తొడిమలు తీసి సొన తుడిచే పని ఇంద్రసేనకు పడింది. గుడ్డతో తుడవమని ఆమె చెప్పింది. తాళం ఉన్న ఫోన్‌కు యజమాని కదా, ఎవరి మాటా వినే స్థితిలో లేడు. వేళ్లతోనే తుడిచాడు. రెండు రోజులకు వేళ్ల కొసలు పొక్కి తోలు లేచింది. బొటనవేలు పెడితే ఫోన్ వణికి ఊరుకుంటోంది. కళ్లద్దాలు తుడిచినట్టు రుద్దాడు, ఉమ్మి రాశాడు, బతిమాలాడు. చివరికి పార్టీ మారాడు. వేలితో పాటు పెట్టుకున్న పుట్టినరోజు నంబరు కొట్టి లోపలికి పోయి, వేలిముద్ర తీసేసి ముఖం తాళం పెట్టాడు. పనిలో పనిగా ఆ రహస్య నంబరు కూడా మార్చాడు. పుట్టినరోజులూ పెళ్లిరోజూ దమయంతికి తెలుసు కాబట్టి, లోకంలో ఎవరికీ తట్టని నంబరు ఒకటి పెట్టాడు.

ముఖం తాళం పూటైనా నిలవలేదు.

"ఏమండీ," అంది దమయంతి.

ఇంద్రసేన తిరిగాడు. ఎదురుగా ఆమె చేతిలో తన ఫోన్ ఉంది. అది అతన్ని చూసి తెరుచుకుంది. కరెంటు బిల్లు కోసమే తెరిచింది పాపం. చూసుకుని తిరిగి ఇచ్చేసింది. కానీ ఇంద్రసేన లెక్క తప్పింది. పిలిస్తే పలికే మొగుడి ముఖం తాళమెలా అవుతుంది?

ఆనాటి నుంచి పిలిస్తే తిరగడం మానేశాడు. "ఏమండీ" అంటే గోడకేసి "ఊ" అనేవాడు. అన్నం తింటూ పేపరు అడ్డం పెట్టుకునేవాడు. చట్నీ ఎక్కడుందో కనపడక నీళ్ల గ్లాసులో ఇడ్లీ ముంచిన రోజు కూడా ఉంది. ఎవరు మాట్లాడినా మెడ బిగబట్టి గోడకేసే చూస్తుండేసరికి, అతని తల్లి లక్ష్మవ్వ కంగారుపడింది.

"వీని మెడకేమైందే?" అని కోడలిని అడిగింది.

"పట్టినట్టున్నది అత్తమ్మా. పిలిస్తే ఇటు తిరుగుత లేరు."

లక్ష్మవ్వ కొంచెం సేపు ఆలోచించింది. తర్వాత చెంపలు వాయించుకుంది. ఎప్పుడో కొడుకును దూరం బదిలీ చేస్తే, అది ఆగిపోతే వాడి తలనీలాలు ఇస్తానని గుట్ట నరసింహస్వామికి మొక్కుకుంది. బదిలీ ఆగింది, మొక్కు కూడా ఆగిపోయింది. స్వామి ఇప్పుడు మెడ పట్టుకుని అడుగుతున్నాడు.

మెడ బాగానే ఉందని ఇంద్రసేన మొత్తుకున్నాడు.

"బాగుంటే ఇటు తిరిగి చెప్పరాదురా," అంది లక్ష్మవ్వ.

తిరగడానికి లేదు. ఆమె పక్కన ఫోన్ పట్టుకుని దమయంతి నిలబడి ఉంది.

శనివారం యాదగిరిగుట్టకు పోయారు. తల అంటే మెడ పైనున్నదంతా అని అక్కడి మంగలి అభిప్రాయం. ఇంద్రసేన కళ్లు మూసి తెరిచేలోగా జుట్టుతో పాటు మీసం కూడా స్వామివారిదైపోయింది. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే ఎవరో కొత్తగా కిరాయికి దిగినట్టు కనిపించాడు. ఫోన్‌కు కూడా అలాగే తోచింది. ఎత్తి చూపితే "ముఖం గుర్తించబడలేదు" అంది.

రహస్య నంబరు కొడదామంటే, లోకంలో ఎవరికీ తట్టనిది తనకూ తట్టలేదు. రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి భయమేసి ఫోన్ పక్కన పెట్టాడు.

మొక్కు తీరింది కనుక మర్నాడు ఆదివారం అయినవాళ్లకు భోజనం పెట్టాలి. అయినవాళ్లంటే ఇంద్రసేన తమ్ముడు కుమారస్వామి ఒక్కడే. కాచిగూడలో ఉంటాడు. దమయంతి పూర్ణం పెట్టి భక్షాలు కాలుస్తుంటే, సగంలో గ్యాసు అయిపోయింది. అదృష్టవశాత్తు కొత్త బండ మోసుకుని కనకయ్య వాకిట్లోనే ఉన్నాడు. అతనికి ఫోన్‌కు వచ్చిన కోడ్ చెప్పాలి.

"కోడ్ చెప్తేనే దించుత సార్. లేకుంటే నన్ను లోపలేస్తరు," అన్నాడు కనకయ్య.

ఇంద్రసేన ఫోన్ పట్టుకుని బాత్రూంలోకి పోయాడు. దమయంతి కాటుకతో మీసం గీసుకున్నాడు. తువ్వాలు తలకు చుట్టాడు. ఫోన్‌కు చూపించి చిరునవ్వు నవ్వాడు. ఫోన్ నవ్వలేదు. ఈ అలికిడికి లక్ష్మవ్వ తలుపు తోసి చూసి, గుట్టకు పోయి వచ్చినా గ్రహం వదల్లేదని మంచంలో కూలబడింది. వాకిట్లో కనకయ్య బండ భుజం మార్చుకుంటూ ఆలస్యమైతోందని అరుస్తున్నాడు. పెనం మీద సగం కాలిన భక్షం చల్లారిపోతోంది.

కుమారస్వామి అప్పుడు వచ్చాడు. రెండేళ్లు చిన్నవాడన్న మాటే గానీ అన్నకు అచ్చు పోసినట్టుంటాడు. అదే ముక్కు, అదే పాపిడి, ఇప్పుడు అన్నకు లేని అదే మీసం. అన్న కాటుక మీసం చూసి వాడు నోరు తెరిచి నిలబడ్డాడు.

దమయంతి భర్త చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"కుమార్, జర ఇటు చూడు."

కుమారస్వామి చూశాడు. ఫోన్ అన్నం కోసం ఎదురుచూస్తున్న దానిలా టక్కున తెరుచుకుంది.

దమయంతి ముందు కనకయ్యకు కోడ్ చెప్పింది. బండ దింపించింది, లీకు ఉందేమో సబ్బునీళ్లు వేసి చూసింది, పొయ్యి వెలిగించింది. అప్పుడు ఫోన్ అందుకుంది. కోడ్ పైనే ఎల్లేశం సందేశాలు వరసగా కూర్చుని ఉన్నాయి. "అన్నా, బోర్డు ఆటో ఎక్కించిన." "వదినెకు తెల్వదు గద?" "మీదికి ఎక్కించినంక ఆమె ఏం చేస్తది తియ్."

ఆమె అన్నీ చదివింది. ఎల్లేశంకు ఏదో రాసి పంపి, భక్షం తిరగేసింది. ఇంద్రసేన కాటుక కడుక్కోవడానికి పోయి చాలాసేపు రాలేదు.

విస్తళ్లు వేసే వేళకు ఎల్లేశం దిగాడు, చంకలో బోర్డు, ముఖంలో పండగ. "అన్నా, బోర్డు దెచ్చి భోజనం గూడ ఈడ్నే చెయ్యమంటే, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్," అన్నాడు. తనకు అలాంటి మర్యాద చేసిన జ్ఞాపకం ఇంద్రసేనకు లేదు. దమయంతి వంక చూశాడు. ఆమె ఎల్లేశం విస్తట్లో పులిహోర వడ్డిస్తోంది.

నలుగురూ కూర్చున్నారు. బోర్డు గోడకానుకుని కూర్చుంది. అందరికీ నెయ్యి వేశాక దమయంతి గరిటె పట్టుకుని నిలబడింది.

"అందరు ఉన్నరు. మీది గది సంగతి చూద్దం చూద్దం అంటున్నరు గద. చూసిన్రా?"

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఇంద్రసేన పులిహోర పక్కకు జరిపాడు. తల్లి చూస్తోంది, తమ్ముడు చూస్తున్నాడు. ఎల్లేశం బోర్డు వైపు, ఇంద్రసేన గుండు వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. చెమ్మ, చెదలు అన్నీ గుర్తొచ్చాయి గానీ, ఆమె రెండో చేతిలో ఫోన్ ఉంది. అందులోని మాటలు పైకి చదివితే తల్లి ముందు, తమ్ముడి ముందు ఏం మిగులుతుంది?

గుండు నిమురుకున్నాడు.

"చూసిన. సోమవారం సంది మీద దమయంతి క్లాసులు. ఆ పిల్లలకు ఫోన్ జేసి రమ్మని చెప్పు. నేను ఎన్నడో అనుకున్న, మొక్కు తీరినంక చెప్దామని ఆగిన."

"మంచి మాట," అంది లక్ష్మవ్వ. ఎల్లేశం తల దించుకుని మరో భక్షం అడిగాడు. బోర్డు వచ్చిన ఆటోలోనే తిరిగి పోతుందని ఎవరూ చెప్పకుండానే అతనికి తెలిసిపోయింది.

దమయంతి భర్త విస్తట్లో నెయ్యి మరి కొంచెం వేసింది. ఇంద్రసేన ఊపిరి పీల్చుకుని, ఇక ఫోన్ ఇమ్మన్నట్టు చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"ఇంకొకటి గూడ అందరి ముందర చెప్తున్న. ఇంటి కోడ్లన్నీ ఈ ఫోన్‌కే వస్తయ్ గద, దీని మాట ఇట్ల మరిది ముఖం మీద నడిస్తె కుదరదు. రేపు బజార్ల ఫోన్లు బాగుచేసేటాయన దగ్గరికి తీస్కపోయి తాళం కొత్తగ పెట్టిస్త. రెండు ముఖాలు పెట్టుకోవచ్చట. ఒకటి అత్తమ్మది, ఒకటి నాది."

ఇంద్రసేన చేతిలోని ముద్ద విస్తట్లో పడింది.

"ఫోన్ నాది గదనే. మరి నా ముఖం?"

దమయంతి అతని గుండు వైపు, మీసం ఉండాల్సిన చోటు వైపు శ్రద్ధగా చూసింది.

"మొలిచినంక చూద్దం," అంది.