మంత్రిగారు పాలు పితికిన ఉదయం

పాడి శాఖా మంత్రిగారు ఇకమీదట రైతుల ఇళ్లలో, రైతుల మధ్య, అచ్చం రైతులాగే ఉదయపు ఫలహారం చేస్తారని ప్రభుత్వం ప్రకటించింది. అంతకుముందు ఏ మంత్రీ పొద్దున్నే తిని ఎరగడన్నంత సంబరంగా పత్రికలు ఆ వార్తను మొదటి పేజీలో వేశాయి.

తొలి విడతకు లీటరక్క వాళ్ల పాడి ఎంపికైంది. కొలతలో చుక్క కూడా తగ్గనివ్వదని ఊరంతా ఆమెను అలా పిలుస్తుంది. భర్తతో, అత్తగారితో కలిసి ఆమె ఆ పశువుల షెడ్డు నడుపుకుంటోంది. వానలు మొహం చాటేసిన దగ్గర్నుంచి గడ్డి లేదు. ప్రభుత్వం ఇచ్చే దాణా బస్తాలూ ఆగిపోయాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే సగం పశువులను అమ్ముకోవాల్సిందే. అందుకే మంత్రిగారు వస్తున్నారనగానే ఆమెకు తట్టింది ఒక్కటే. దాణా అడగాలి.

“అడుగుదురుగాని,” అన్నాడు ఏర్పాట్ల అధికారి. ఈయన మహా సమర్థుడు. నది లేని చోట వంతెనకు ప్రారంభోత్సవం చేయించిన మనిషి. “మైకు ఒక నిమిషం మీకిస్తాం. మీరు మాకో ఆవునివ్వండి.”

“ఆవునా?”

“సార్ పాలు పితుకుతారు. ఫొటో.”

అధికారి షెడ్డంతా తిరిగి ఆవులను ఇంటర్వ్యూ చేశాడు. ఒకటి తోక విసిరి ఫెయిలైంది. ఇంకొకటి కెమెరా వంక చూడనే లేదు. మూడోది సరిగ్గా ఆయన బూటు పక్కనే పేడ వేసింది. చివరికి ఓ మూల, మెడ మీద చెయ్యి వేసినా కదలకుండా, పెద్దమనిషిలా నిలబడ్డ ఎర్రావు ఆయన మనసు దోచుకుంది.

“క్రమశిక్షణ అంటే ఇదీ!”

“అది వట్టిపోయిందండీ,” అంది లీటరక్క. “నెల్లో ఈనుతుంది. ఇప్పుడు చుక్క పాలు రావు.”

“మరీ మంచిది. సార్ బట్టల మీద చిందవు.”

“ఈ టైములో పొదుగు కదిలిస్తే వాపొస్తుందండీ.”

“భయపడకండి. సార్ ఇంతవరకూ ఏదీ గట్టిగా పట్టుకోలేదు.”

“మరి బకెట్లోకి పాలెలా వస్తాయి?”

“అది ప్రభుత్వం చూసుకుంటుంది.”

అత్తగారు కోడలిని పక్కకు లాగింది. “ఒప్పుకోవే. పశువుకి తిండి దొరుకుతుందంటే కాసేపు నోరు మూసుకోలేమా? మీ మావయ్యతో నేను జీవితమంతా మూసుకున్నా.”

లేని పాలకు సాక్ష్యం చెప్పడానికి లీటరక్కకు సిగ్గేసింది. అయినా దాణా తొట్టి అడుగు కనిపిస్తుంటే సిగ్గు ఎంతసేపుంటుంది? సరేనంది.

ఆ ఉదయం పెరట్లో పొడవాటి బల్లలు వేశారు. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి కూర్చున్నారు. రొట్టెలు, వెన్న, ఉడికించిన గుడ్లు ముందున్నాయి. సామాన్యులతో కలిసి తినడమే కార్యక్రమం గనక, మంత్రిగారు వచ్చేదాకా సామాన్యులెవరూ తినకూడదన్నారు. ఆకలికి ఆగలేక దర్జీ ఓ గుడ్డు మీద చెయ్యేస్తే పోలీసాయన ఆ చేతిని మర్యాదగా తీసి ఒళ్లో పెట్టాడు. మిగతా ఆవులు అరిస్తే నినాదాల్లా వినిపిస్తాయని వాటిని వెనక పొలంలోకి తోలేశారు.

నిరాడంబరత కోసం మంత్రిగారు ఏడు కార్లలోనే వచ్చారు. తిన్నగా వెళ్లి ఎర్రావు పక్కన మెత్త వేసిన పీట మీద కూర్చున్నారు. తువ్వాలు కప్పిన బకెట్‌ను అధికారి ముందుకు జరిపాడు. మంత్రిగారు పొదుగు మీద చెయ్యి వేసి, ఆవు వంక ఓసారి చూసి, కెమెరాల వైపు తిరిగి నవ్వారు. అధికారి తువ్వాలు లాగేశాడు. బకెట్ నిండా పాలు! పెరడంతా చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా దర్జీ కొట్టాడు, ఇక తినొచ్చని.

మంత్రిగారు మైకు అందుకున్నారు. “ఈ ఆవు దాణా తిని ఎన్నాళ్లయింది?”

“ఆరు వారాలండీ!” అని అరిచింది లీటరక్క. అడగబోయిన మాట ఆయన నోటే వచ్చినందుకు ఆమె ప్రాణం లేచొచ్చింది.

“విన్నారా! దాణా లేకుండానే బకెట్టు పాలు! అంటే పశువుకి కావాల్సింది దాణా కాదు, ఆప్యాయత. అందుకే ఈ వేదిక మీంచి ‘నిమురు’ పథకం ప్రకటిస్తున్నాను. ఇక దాణా బస్తాలుండవు. ప్రతి షెడ్డుకీ నిమిరే నిపుణుణ్ని పంపుతాం.”

“సార్, తలలు నిమరడంలో నాకు చాలా అనుభవం ఉంది,” అని లేచాడు మంగలి.

“ఈయన పేరు రాసుకోండి,” అన్నారు మంత్రిగారు. మళ్లీ చప్పట్లు.

లీటరక్కకు ఒళ్లు మండిపోయింది. అందరికంటే తన మీద తనకే ఎక్కువ మండింది. దాణా కోసం ఒప్పుకున్న అబద్ధం దాణాకే ఎసరు పెట్టింది. తన వంతు నిమిషం రాగానే మైకు పట్టుకుని, “అయ్యా, అది...” అంది. అంతే, మైకు చచ్చిపోయింది. అధికారి ఎంత సమర్థుడో ముందే చెప్పుకున్నాం. ఆనందంతో ఆమెకు గొంతు పూడుకుపోయిందని జనం కళ్లు తుడుచుకున్నారు.

ఆమె మైకు బల్ల మీద పడేసి, గబగబా మంత్రిగారి దగ్గరికే వెళ్లింది. “అయ్యా, అది వట్టిపోయిన ఆవు. ఆ పాలు దానివి కావు.”

మంత్రిగారు జనానికి చెయ్యి ఊపుతూనే గొంతు తగ్గించారు. “తెలుసమ్మా. నేనూ పశువుల మధ్యే పెరిగాను. చెయ్యి వెయ్యగానే తెలిసింది.”

లీటరక్క మొహం విప్పారింది. పశువు సంగతి తెలిసిన మనిషి ఇన్నాళ్లకు ఆ కుర్చీలోకి వచ్చాడు. “మరైతే దాణా పంపిస్తారాండీ?”

“వట్టిపోయిన ఆవుకి దాణా ఎందుకమ్మా, దండగ.”

“కడుపులో దూడుందండీ!”

“అదీ పాలివ్వదుగా,” అన్నారు మంత్రిగారు. “నవ్వమ్మా, ఫొటో తీస్తున్నారు.”