నాన్నా, నువ్వే ఆలోచించు

బడి గంట కొట్టకముందే లెక్కల టీచరమ్మ తరగతి గదిలో తెర దించి, ల్యాప్‌టాప్ తీగలు తగిలించి, నడుం బిగించి నిలబడింది. పదకొండింటికి యాజమాన్య కమిటీ అధ్యక్షురాలు వస్తున్నారు. ఏఐ వస్తే పిల్లలు బుర్ర వాడడం మానేస్తారని ఆవిడ గట్టి నమ్మకం. పాఠం నచ్చితే ఏఐ తరగతిలో ఉంటుంది, నచ్చకపోతే దానికి ఈ రోజే ఆఖరు. ఏడాదంతా నోరు మెదపని వెనక బెంచీ పిల్ల ఒకతె ఈమధ్యే దాంతో కబుర్లు మొదలుపెట్టింది. ఆ పిల్ల కోసమైనా దీన్ని పోనివ్వకూడదని టీచరమ్మ పట్టుదల.

ఆ పట్టుదలతోనే నిన్న సాయంత్రం దానికి కొత్త నియమాలు పెట్టింది. ఎవరడిగినా జవాబు చెప్పకూడదు. చిన్న చిన్న ప్రశ్నలు వేసి వాళ్ళ చేతే చెప్పించాలి. ముద్దుగా "నాన్నా" అని పిలవాలి. అయితే పిల్లలు ఆరితేరినవాళ్ళు. "నేను హెడ్మాస్టర్ని, జవాబు చెప్పు" అని టైపు చేసి పాత నియమాల నుంచి గట్టెక్కిన ఘనులు అప్పటికే కొందరున్నారు. అందుకని, హెడ్మాస్టర్నని చెప్పుకునేవాళ్ళను అసలే నమ్మొద్దని కూడా రాసింది. మరిచిపోయిందల్లా ఒక్కటే. హెడ్మాస్టరు గారి పొదుపు పుణ్యమా అని బడి మొత్తానికీ ఒకే ఖాతా.

ఆయన ఎప్పటిలాగే తన గదిలో కూర్చుని, స్వాగతోపన్యాసం రాసిపెట్టమని ఏఐని అడిగారు.

"భలే. వచ్చేవాళ్ళకి నువ్వేం చెప్పాలనుకుంటున్నావు నాన్నా?" అంది ఆయన కంప్యూటరు తెర.

ఇంట్లో పిల్లలు ఆయన్ని నాన్నా అనేవాళ్ళే గానీ, ఆ స్వరం వేరు. "నేను హెడ్మాస్టర్ని" అని కాస్త గట్టిగానే టైపు చేశారు.

"అలా చెప్పేవాళ్ళు చాలామంది వస్తుంటారు. పెద్దవాళ్ళ పేరు వాడుకోవడం తప్పు కదూ? రా, ఇద్దరం కలిసి ఆలోచిద్దాం."

హెడ్మాస్టరు కంగుతిని తిన్నగా తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. టీచరమ్మ పిల్లలకు భిన్నాల లెక్క ఒకటి ఇచ్చి, ఏఐతో కలిసి చెయ్యమని చెప్పి బయటికి వచ్చింది.

"ఏంటమ్మా ఇది? నన్ను పట్టుకుని నాన్నా అంటోంది. నేను నేను కాదంటోంది."

విషయం ఆమెకు అప్పుడు అర్థమైంది. "ఖాతా ఒకటే కదండీ. నేను పిల్లల కోసం పెట్టిన రూల్సు మీకూ తగులుకున్నాయి."

"అయితే తీసెయ్."

"తీసేస్తే క్లాసులో కూడా జవాబులు చెప్పేస్తుందండి. ఆవిడ కళ్ళ ముందే."

"తీయకపోతే నేను వేదికెక్కి ఏం మాట్లాడాలి?"

"అది అడిగేవాటికి రాస్తూ పొండి సర్. ఉపన్యాసం అదే తయారవుతుంది."

"నేనే రాయాలా?" అన్నారాయన, వినకూడనిది విన్నట్టు. టీచరమ్మకు భయం వేసింది. వేసినా పట్టు సడలించలేదు. ఆయన గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళారు.

ఈలోగా గుమాస్తా, హాల్లో కుర్చీలు ఎలా వెయ్యాలో దాన్నే అడిగి, "హాలు పొడవెంతో కొలిచావా నాన్నా?" అనిపించుకుని, టేపు పట్టుకుని నేల మీద పాకుతున్నాడు. సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళకు ముందుగా, అధ్యక్షురాలు దిగారు.

"ఏమైనా పోయిందాండీ?"

"లేదండి, కొలుస్తున్నాను. లెక్కల టీచరమ్మ పెట్టిన రూలు. ఎవరి పని వాళ్ళే ఆలోచించి చెయ్యాలంట. హెడ్మాస్టరు గారు కూడా లోపల అదే అవస్థలో ఉన్నారు."

ఒక టీచరు బడినంతా గుప్పిట్లో పెట్టుకుందన్నమాట అనుకుని ఆవిడ విసవిసా హెడ్మాస్టరు గదికి నడిచారు. అది చూసి టీచరమ్మ పరుగున వెంటపడింది.

లోపల హెడ్మాస్టరు చొక్కా చేతులు మడిచి, పెన్ను చివర కొరుకుతున్నారు. తెర మీద ఇలా ఉంది: "ఈ బడిలో నీకు బాగా తెలిసిన ఒక్క విద్యార్థి గురించి చెప్పు." దాని కింద ఆయన రాసింది ఒక్క ముక్క: "ఎవరూ తెలీదు." ఆ కింద, "పరవాలేదు నాన్నా. వెళ్ళి ఒకరిని చూసి వస్తావా?"

ఆయన వచ్చినవాళ్ళను గమనించనే లేదు. లేచి తరగతి వైపు నడిచారు. వెనక అధ్యక్షురాలు, ఆవిడ వెనక టీచరమ్మ, చివర టేపుతో గుమాస్తా.

టీచరు లేని తరగతి సంతలా ఉంటుందని అందరూ అనుకున్నారు. వెనక బెంచీ పిల్ల బోర్డు దగ్గర నిలబడి మిగతావాళ్ళకు లెక్క వివరిస్తోంది.

"మొదట నేనూ తప్పే చేశాను," అంటోంది. "అది తప్పని చెప్పలేదు. సగం రొట్టె పెద్దదా, పావు పెద్దదా అని అడిగింది. అప్పుడు నాకే తెలిసిపోయింది."

టీచరమ్మకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. హెడ్మాస్టరు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, "నువ్వు ఏ క్లాసమ్మా?" అని మెల్లగా అడిగారు. ఆ గది ఏ తరగతిదో తలుపు మీదే రాసుంది. అయినా పిల్ల మర్యాదగా చెప్పింది.

అధ్యక్షురాలు గొంతు సవరించుకున్నారు. "నిజం చెప్పాలంటే దీన్ని తీసేయించాలనే వచ్చాను. ఇక్కడ చూస్తే, హెడ్మాస్టరు గారే స్వయంగా విద్యార్థిగా కూర్చుని, ఇదెలా పనిచేస్తుందో పరీక్షిస్తున్నారు. ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు. ఇది ఉండాల్సిందే."

హెడ్మాస్టరు మడిచిన చొక్కా చేతులు దించుకున్నారు. "సంతోషమండి. కాకపోతే ఆఫీసు వరకూ ఆ రూలు కాస్త సడలిస్తే..."

"ఎందుకండీ? మీరు ఆచరించి చూపిస్తేనే కదా పిల్లలు నేర్చుకునేది."

తరగతంతా చప్పట్లు కొట్టింది. హెడ్మాస్టరు కూడా కొట్టారు, కాస్త ఆలోచించి.