వీరరాఘవులు పేరున ఉన్న ఎండ

భూలక్ష్మి వాళ్ళ ఊళ్ళో ఎండకు పట్టాలున్నాయి. పట్టా ఇంటి యజమాని పేరున ఉంటుంది కాబట్టి, ఎండ కూడా అతని వెంటే తిరుగుతుంది. ఆ బుధవారం పొద్దున వాళ్ళింట్లో గొడవ మాత్రం గుడ్డ గురించి.

"వడియాల గుడ్డతో కాళ్ళు తుడుచుకున్నావా?" అంది భూలక్ష్మి మొగుడితో.

"దండెం మీదుంటే తువ్వాలనుకున్నా. దానిమీద పేరు రాసుందా ఏంటి?" అన్నాడు వీరరాఘవులు. అలిగి టీకొట్టుకి బయల్దేరాడు. డాబా మీది ఎండ మెట్లు దిగి అతని వెనకే వెళ్ళిపోయింది.

పైన బూడిద గుమ్మడి వడియాలు అప్పుడే పెట్టి ఉన్నాయి. మొదటిరోజు ఎండ తగలకపోతే అవి పులిసి జిగురుకడతాయి. పట్నంలో ఒక దుకాణం భూలక్ష్మికి మొదటిసారి సరుకు చెప్పింది. శనివారానికి అందకపోతే ఆ బేరం ఇంకో ఊరివాళ్ళకి ఇస్తామంది.

టీకొట్టు దగ్గర అప్పటికే ఇరవైమంది యజమానుల ఎండ పోగై ఉంది. కొట్టతను పొయ్యి వెలిగించడం మానేసి చాలా రోజులైంది.

భూలక్ష్మి మండలాఫీసుకి వెళ్ళి పేరు మార్పుకి దరఖాస్తు ఇచ్చింది.

"ఎండబెట్టేది నేనేనండీ."

"ఎండబెట్టడం పనమ్మా. ఎండ ఆస్తి. రెండింటికీ వేరువేరు రిజిస్టర్లు," అన్నాడు గుమాస్తా మర్యాదగా. "పనుల రిజిస్టరు ఇంకా అచ్చవలేదు. అందాకా ఆయన్నే డాబా మీద కూర్చోబెట్టుకోండి. అందరూ అలాగే సర్దుకుంటున్నారు."

ఆమె వెంటనే మొగుణ్ణి బతిమాలి తీసుకొచ్చి, డాబా మీద మంచం వేసింది. అతను పక్కకి ఒత్తిగిలితే తూర్పు వరస మబ్బేసేది. ఆమె మంచాన్ని అటు తిప్పేది. గంటకోసారి మజ్జిగ ఇచ్చేది. "కూర్చోలేక నడుం పడిపోతోంది. సంపాదనంటే మాటలా?" అని అతను పక్క డాబా వాళ్ళకి చెప్పేవాడు.

శనివారానికి వడియాలు గలగలలాడుతూ పట్నం చేరాయి. దుకాణంవాళ్ళు మెచ్చుకుని మళ్ళీ సరుకు చెప్పారు. ఉత్తమ ఉత్పత్తిదారుగా వీరరాఘవులికి శాలువా కప్పుతామని కూడా కబురుపెట్టారు.

కబురందిన రాత్రి అందరూ అన్నాలకి కూర్చున్నారు.

"ఎల్లుండి పట్నం వెళ్తున్నా. సన్మానం, తర్వాత ఎగ్జిబిషను. పదిహేను రోజులు," అన్నాడు వీరరాఘవులు.

"మరి ఎండ?" అంది అతని తల్లి కోటమ్మ.

"నాతోనే వస్తుంది. దాన్నెక్కడ దింపను?"

భూలక్ష్మి పప్పు వడ్డించింది. "వెళ్ళిరా. వడియాల బదులు మునగాకు పొడి ఇస్తానని దుకాణానికి చెప్తాను. మునగాకు నీడలోనే ఆరాలి, ఎండ తగిలితే పచ్చదనం పోతుంది."

"మంచి ఆలోచనే," అన్నాడతను ముద్ద కలుపుతూ. "మొన్న ఆఫీసులో నీడ పట్టాలు కూడా ఇస్తుంటే నా పేరున తీసుకున్నా. ఆడదానివి, నీకెందుకు ఆ తిరుగుడు అని."

భూలక్ష్మి గరిటె పప్పుగిన్నెలో పెట్టేసింది.

"అయితే నేనూ వస్తాను," అంది. "ఆకు చేటలో పోసుకుని నీ వెనకే నడుస్తాను, నీ నీడ చేటలో పడేట్టు."

"రా. మరీ తొక్కేసేంత దగ్గరగా రాకు, జనం చూస్తారు."

పెద్ద చేట అటక మీదుందనీ, పొద్దున్నే దింపిస్తాననీ కోటమ్మ అంది.