ఏడో నంబరు స్తంభం కొండబాబు

గాజువాక మెయిన్‌రోడ్డు మీది బట్టల దుకాణం పై అంతస్తును ఏడో నంబరు ఇనుప స్తంభం బదులు ఫిట్టరు కొండబాబు మోస్తున్నాడు. ఇందులో వింతేమీ లేదు. స్తంభం రాలేదు, అతను వచ్చాడు.

పునాదిలో పాతిన బోల్టులు ఒకవైపుకి, స్తంభం అడుగుప్లేటుకి వేసిన రంధ్రాలు మరోవైపుకి వచ్చాయి. బోల్టులు పాతినవాళ్లు డ్రాయింగు తప్పన్నారు, గీసినవాళ్లు బోల్టులు తప్పన్నారు. తిలా పాపం తలా పిడికెడు. స్తంభం ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లింది. దాని మీద కూర్చోవాల్సిన దూలం మాత్రం క్రేన్‌కి వేలాడుతూనే ఉంది. ఇనుప పనిలో ఒక ఆచారముంది. ఏది కుదరకపోయినా "ఒరే, కాసేపు పట్టుకో" అంటారు, ఎవడో ఒకడు పట్టుకుంటాడు. ఆ రోజు కొండబాబు భుజం పెట్టాడు. క్రేన్ ఆపరేటరు టీకని వెళ్లి, అటునుంచటే వేరే సైటుకి పోయాడు. దూలం మీద రేకు పరిచారు, రేకు మీద కాంక్రీటు పోశారు, కాంక్రీటు మీద చీరలు పేర్చారు.

పాపం, కంపెనీవాళ్లు అన్యాయమేమీ చేయలేదు. తుప్పు పట్టకుండా అతని ఒంటికి రెడ్ ఆక్సైడ్ పూశారు. డ్రాయింగులో పేరు, ఎత్తు, చొక్కా సైజు చేర్చారు. తనిఖీకొచ్చిన అధికారి అతని పక్కన గుండుతాడు వేలాడదీసి, నిలువు చూసి, బాగుందని సంతకం పెట్టాడు.

బాగులేనిదల్లా అతని భార్య నూకరత్నానికే. రోజూ క్యారేజీ తెచ్చి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. తిన్నది ఎటు పోతోందో గాని మనిషి కంటికి ఆనడం లేదు. శ్రావణమాసం రాయితీలు మొదలయ్యాక గోరుచుట్టు మీద రోకటి పోటైంది. పైన జనం తోసుకున్నప్పుడల్లా కింద అతని మోకాళ్లు వణికేవి. అవి చూడలేక ఆమె ఇంజనీరు దగ్గరికి వెళ్లేది.

ఇంజనీరు శశిభూషణ్ మంచివాడు. ఆమె కనబడితే కుర్చీలోంచి లేస్తాడు.

"బాబూ, మా ఆయన్ని ఇంటికెప్పుడు పంపుతారు? మనిసి సిక్కి సగమైపోనాడు."

"నా బెంగా అదేనమ్మా," అన్నాడాయన, నిజంగానే బెంగగా. "సన్నటి స్తంభం నలిగి పడదు, నడుం దగ్గర వంగి పడుతుంది. కొత్తది శుక్రవారం వస్తుంది. రాగానే ఇతన్ని తీసేస్తాం."

శుక్రవారం పొద్దున్నే ట్రెయిలరు మీద స్తంభం వచ్చింది. నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. మొగుడికి ఉతికిన లుంగీ పట్టుకొచ్చింది. సరిగ్గా అప్పుడే పైన, ఒకటి కొంటే రెండు ఉచితమని మైకులో చెప్పారు. జనమంతా ఒక్క మూలకి, ఏడో నంబరు నెత్తి మీదికి పరిగెత్తారు. కొండబాబు నడుం విల్లులా వంగింది.

"ఒగ్గీసి వచ్చీ," అందామె.

"పైన పిల్లల తల్లులున్నారే. ఎలగ ఒగ్గీమంటావు?" అన్నాడతను పళ్లు బిగించి.

ఆమెకి మరేమీ తోచలేదు. గబగబా వెళ్లి అతని నడుముకి భుజం ఆనించి, రెండు చేతులూ చుట్టేసి నిలబడింది. నడుం తిన్నబడింది. పైన చీరలు చూస్తున్నవాళ్లకి చిన్న కుదుపైనా తెలియలేదు.

పరిగెత్తుకొచ్చిన శశిభూషణ్ అక్కడే ఆగిపోయాడు. కళ్లు చెమర్చాయి. "కదలకమ్మా," అంటూ జేబులోంచి క్యాలిక్యులేటరు తీశాడు. నడిమధ్యన కదలకుండా పట్టు దొరికితే సన్నటి స్తంభం నాలుగింతలు మోస్తుంది. కాలేజీలో నేర్చుకున్న లెక్కే. రెండోసారి చేసినా అంతే వచ్చింది.

కబురు దుకాణం ఓనరుకి అందింది. ఆలుమగలు ఇంత అన్యోన్యంగా ఉన్నచోట కొత్త స్తంభం దండగన్నాడు. దాన్ని పైకెత్తి ఇంకో అంతస్తుకి నిలబెట్టారు. నూకరత్నానికీ రెడ్ ఆక్సైడ్ పూశారు. మర్యాద తప్పకుండా, ఆడమనిషి చేతే పూయించారు. క్యారేజీ తెచ్చే దిక్కు లేకుండా పోయిందని, పైన క్యాంటీను పెట్టిస్తానని ఓనరు మాటిచ్చాడు. దాని బరువు కూడా లెక్కలో కలిపారు.

"బరువుగా ఉందా?" అని అడిగిందామె.

"నిన్నటి మీద నయమే," అన్నాడతను. అది అబద్ధం కాదు. ఆమె పాదాలు కాస్త సర్దుకుని నిలబడింది.

సాయంత్రం శశిభూషణ్‌కి అనకాపల్లి సైటు నుంచి ఫోనొచ్చింది. అక్కడ ఒక స్తంభం జానెడు పొట్టిగా వచ్చిందట. ఆయన ఆ ఇద్దరివైపూ ఆప్యాయంగా చూశాడు.

"కంగారు పడకండి, ఎవరో ఒకర్ని నిలబెట్టండి," అని చెప్పి, గొంతు తగ్గించాడు. "పెళ్లయినవాణ్ణి చూడండి."