అట్ట టీవీ

వెర్లిన్‌కి పెద్ద టీవీ మీద మోజేం లేదండీ. కసి ఉంది, అదీ బావమరిది డ్వేన్ మీద.

మిన్నెసోటాలో థాంక్స్‌గివింగ్ పండగంటే టర్కీ కోడి, ఆపైన టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్. ఆ ఆట ఏటా డ్వేన్ ఇంట్లోనే చూడాలి, గోడంత టీవీ ఆయనకే ఉంది మరి. చుట్టాలందరూ చాటుగా డబ్బా డ్వేన్ అంటారు. రిమోట్ ఎవరి చేతికీ ఇవ్వడు. ఆట మంచి పట్టులో ఉండగా ఠపీమని ఆపేసి, "ఇప్పుడేం జరిగిందో ఎవరికైనా అర్థమైందా?" అని పాఠం మొదలెడతాడు. వెర్లిన్‌కి ఎప్పుడూ ఫ్రిజ్ పక్క చోటే. సరిగ్గా బంతి గీత దాటించి టచ్‌డౌన్ కొట్టే వేళకే ఎవడో బీరు కోసం ఫ్రిజ్ తలుపు అడ్డంగా తీస్తాడు. పాపం, ఇన్నేళ్ళలో అతను ఆటకంటే పచ్చళ్ళ సీసాలే ఎక్కువ చూశాడు.

ఈ ఏడు ఆట మనింట్లోనే అని ఒట్టు పెట్టుకున్నాడు. అడ్డల్లా భార్య మార్లిస్.

"ఎనభై అయిదు అంగుళాలది కొందాం."

"సినిమా హాలు పెడుతున్నామా? టిక్కెట్లు నేను చింపాలా?"

"మీ అన్న ఇంట్లో లేదూ?"

"మా అన్నకి బుర్ర చిన్నది, టీవీ పెద్దది. నీకూ అంతేనా?"

"పోనీ, గోడకి అట్ట అతికించి చూద్దాం. నీ కంటికి అలవాటైతేనే కొందాం."

"అతికించుకో," అంది మార్లిస్. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అతనికి అనుమానం రావాలి. వస్తే వెర్లిన్ ఎందుకవుతాడు!

పాత టీవీ పైన గోడకి మొదట బుద్ధిగా యాభై అంగుళాల అట్ట పెట్టాడు. ఆమె చర్చికి వెళ్ళినప్పుడల్లా చుట్టూ సన్నటి పట్టీ చేర్చాడు. అట్ట ఆషాఢ మేఘంలా పెరుగుతున్నా మార్లిస్ కిక్కురుమనలేదు.

"ఈ టీవీ నాకు నచ్చింది. అడ్వర్టైజ్‌మెంట్లు రావు," అంది పైపెచ్చు.

చిత్రమేమిటంటే, తేడా వెర్లిన్‌కే చేసింది. పడకకుర్చీలో కాళ్ళు చాపితే వేళ్ళు టీవీ బల్లకి తగలసాగాయి. ఈ వయసులో పొడుగవుతున్నానా అని హడలిపోయాడు. పాత టీవీలో వార్తలు చదివేవాడి ముక్కుపుటాలు లెక్కకొస్తున్నాయి. ఇక పైనున్న అట్ట చూద్దామంటే మెడ పట్టేస్తోంది.

"మార్లిస్, అట్ట మరీ మీద పడుతున్నట్టు లేదూ?"

"లేదే! ఇంకా పెద్దదైనా నాకు అభ్యంతరం లేదు."

"వద్దు తల్లీ! యాభై అయిదు చాలు. మెడ ఒక్కటే ఉంది నాకు."

"నీ ఇష్టం. నేనొక్క మాటన్నానా?"

యాభై అయిదుదే వచ్చింది. పండగనాడు చుట్టాలకి చోటు చెయ్యాలని వెర్లిన్ పడకకుర్చీ వెనక్కి లాగాడు. తివాచీ మీద కుర్చీ కాళ్ళ గుంటలు, వెనక గోడ దగ్గర్నుంచి టీవీ దాకా బారులు తీరి ఉన్నాయి. కుర్చీ ఖాళీ చేసిన చోట, ఆ గోడ వారగా, మార్లిస్ బొంతలు కుట్టుకునే బల్ల ఎప్పుడు చేరిందో, దర్జాగా వెలిసి ఉంది.

"ఏమిటే ఇది!"

"తివాచీ ఊడ్చినప్పుడు కుర్చీ కాస్త జరిగినట్టుంది."

"కాస్తా? ఊరు దాటింది!"

"బల్ల పెట్టుకుంటానంటే హాల్లో చోటెక్కడ అన్నావుగా? నువ్వు పట్టీ వేసినప్పుడల్లా నేనొక జానెడు జరిపాను. అవి అరటిపళ్ళ పెట్టెల అట్టలు బాబూ, చుట్టూ గెలల బొమ్మలు కనబడుతుంటే నేనేమైనా గుడ్డిదాన్నా?"

ఇంతలో డ్వేన్ రానే వచ్చాడు.

"బావా, ఇది టీవీయా, ఫోనా?"

వెర్లిన్ ముఖం మాడిపోయింది. "దగ్గరగా కూర్చోండి, అదే పెద్దదవుతుంది. ఆ సంగతి ఈయన్నడగండి," అంది మార్లిస్. అందరూ ఒకళ్ళనొకళ్ళు ఒరుసుకుంటూ టీవీ ముందు చేరారు. ఆట రంజుగా ఉన్నప్పుడు డ్వేన్ చెయ్యి రిమోట్ కోసం దేవులాడింది.

"అన్నయ్యా, చెయ్యి తియ్. ఇది మా ఆయన ఇల్లు."

వెర్లిన్‌కి గుండె నిండిపోయింది. ఆ టచ్‌డౌన్ మొదట్నుంచి చివరిదాకా చూశాడు, ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆనక బొంత బల్ల దగ్గరికెళ్ళి, సిగ్గుపడుతూ, "నీకేం కావాలో అడుగు, కొనిపెడతాను," అన్నాడు.

మార్లిస్ సూదిలో దారం ఎక్కిస్తూ అంది: "వచ్చే ఏడు ఇంకా పెద్ద బల్ల కావాలి. రేపట్నించే అట్ట అతికించడం మొదలుపెట్టు."