గోడ మీది ప్లస్సు

ఆ శనివారం ఉదయానికి దయాసాగర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తమ వీధిలో నల్లా పైపు ఎక్కడ పగిలిందో లెక్కల పద్ధతిలో కనిపెట్టాలి, కాలేజీ పిల్లలకు అది చూపించాలి, ఆ తర్వాత ఇంటికొచ్చి ఇడ్లీ తినాలి. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అతను న్యూమరికల్ అనాలిసిస్ చెబుతాడు. చెబుతాడనడం కూడా ఎక్కువే, ఎందుకంటే ఆ ఏడాది ఆ కోర్సులో ఇంకా ఎవరూ చేరలేదు. సోమవారానికి పిల్లలు చేరకపోతే కోర్సు ఎత్తేయాల్సి వస్తుందనీ, కోర్సుతోపాటు ఆయన్నీ పంపించక తప్పదనీ ప్రిన్సిపాల్ కామేశ్వరరావు మర్యాదగానే చెప్పారు.

ఉద్యోగం పోతుందన్న భయం దయాసాగర్‌కు లేకపోలేదు. అంతకన్నా ఆ పాఠాలు ఇక ఎవరూ వినరే అన్న దిగులు ఎక్కువ. కచ్చితమైన జవాబు చేతికి చిక్కని చోట మెల్లమెల్లగా దాని దగ్గరికి నడిచి వెళ్లవచ్చని చెప్పే శాస్త్రం అది, అతనికి ప్రాణం. తెల్లవారుజామున రామగుండం కరెంటు ప్లాంటు వైపు నుంచి వచ్చే పొగ మంచులో కలిసి ఆకాశంలో ఒక వంపు గీతలా సాగుతుంటే, అది ఏ ఇంటి కప్పు దగ్గర కిందికి దిగుతుందా అని చూస్తూ నిలబడిపోయేవాడు. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి.

"ఇంటింటికి పోయి నీళ్లొస్తున్నయా అని అడిగితే అయిపోతది గదా, సుద్దముక్క ఎందుకు?" అంది భార్య ఎవాంజెలిన్.

"అందర్ని అడిగే పని లేదు. ట్యాంకు పక్కన ఇంట్ల నీళ్లొస్తున్నయి, అది ప్లస్సు. చివరి ఇంట్ల వస్తలేవు, అది మైనస్సు. నడిమి ఇల్లు చూస్త. అక్కడ వస్తే పగులు ఆవలి సగంల ఉన్నట్టు, రాకుంటే ఈవలి సగంల. మళ్ల ఆ సగానికి నడుమ చూస్త. గట్ల సగం సగం చేసుకుంట పోతే దొరుకుతది."

"మీ సగం సగం అయ్యేటాళ్లకు ఇడ్లీ చల్లారిపోతది. జల్ది రండి."

వీధి ఇంకా నిద్రలోనే ఉంది. ఇళ్ల ముందరి నల్లాలు ఒక్కొక్కటే తిప్పి, చప్పుడు విని, గోడ మీద గుర్తు పెడుతూ దయాసాగర్ కలలో నడిచినట్టు నడిచాడు. ఏ ఇంటికి ఏం పెట్టాడో అతనికి గుర్తుండదు. గుర్తుండదనే గోడ మీద రాశాడు. చివరి సగాన్ని పిల్లలే తేల్చాలని మిగిల్చి, స్నానానికి వెళ్లాడు.

బొగ్గు ఊళ్లలో గోడ మీద గుర్తు పడిందంటే ఒకటే అర్థం. నేలను పైనుంచే తవ్వేసే ఓపెన్‌కాస్టు గని ఇటు జరుగుతోంది, ఇల్లు పోతుంది, ఇంకెక్కడో ప్లాటు వస్తుంది. ఆ వీధి ఏళ్లుగా ఆ గుర్తు కోసమే చూస్తోంది. వాకిలి ఊడ్వడానికి లేచిన సారలమ్మ తన గోడ చూసింది. ఒక ఇల్లు అవతల, గని పని నుంచి రిటైరైన రాయమల్లు గోడ కూడా చూసింది.

"రాయమల్లన్నా, నీ గోడకు ప్లస్సు పెట్టిన్రు, నా గోడకు ఉత్త గీతే గీసిన్రు. గీతంటే ఏంది?"

"గీతంటే ప్లాటు లేనట్టే చెల్లే." గనిలో పనిచేసిన మనిషి మాట కాబట్టి అదే ఖాయమైంది.

సారలమ్మ ముగ్గుపిండి తడిపి ఆ గీత మీద నిలువుగా ఇంకో గీత దించింది. అది చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి ఎదురింటివాళ్లు ముగ్గు గిన్నెలు పట్టుకున్నారు. ఏ గుర్తూ లేని గోడలకూ ప్లస్సులు మొలిచాయి. అందరూ సమానమైపోయేసరికి రాయమల్లుకు మనసొప్పలేదు. గది ఎక్కువుంటే ప్లాటు పెద్దదిస్తారని అతని నమ్మకం. తనకూ సారలమ్మకూ నడుమ, రామకృష్ణాపూర్ వెళ్లిన పక్కింటివాళ్ల తాళం చూసి, వాళ్ల వాకిట్లోనే ఇంకో గదికి పునాది తవ్వడం మొదలుపెట్టాడు.

దయాసాగర్ కొందరు పిల్లలనూ ప్రిన్సిపాల్‌నూ వెంటబెట్టుకుని వచ్చేసరికి వీధంతా ప్లస్సులే.

"అన్నీ ప్లస్సులేనేమండీ? మైనస్ లేకపోతే ఈ పద్ధతి పనిచెయ్యదని మీరే చెప్పారు కదా," అన్నారు కామేశ్వరరావు.

"అవును సార్. గుర్తు మారకుంటే ఈ పద్ధతి సాగదు," అన్నాడు దయాసాగర్ నెమ్మదిగా. పిల్లలు నవ్వారు. సోమవారం సుద్దముక్కల డబ్బా తిరిగి ఇచ్చేసి వస్తున్న తన వీపు తనకే కనిపించింది. ఇంత బాధలోనూ నల్లా తిప్పి చూడాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఇస్త్రీ చొక్కా చూసి కామేశ్వరరావే సర్వే ఆఫీసరనుకున్న సారలమ్మ కుర్చీ వేసి మజ్జిగ తెచ్చింది. "సారూ, మాకు గోదారి దిక్కు ప్లాటు ఇయ్యిన్రి."

"ఏ ప్లాటమ్మా?"

"గోడ మీద రాసినంక గట్ల అనద్దు సారూ."

"సార్, ఒకసారి నల్లా తిప్పి..." అని మైత్రి అనే విద్యార్థిని అంటుండగానే రాయమల్లు గడ్డపార దిగబడింది. పగిలిన పైపు నుంచి పాత గని డొల్లలోకి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకుండా ఇంకిపోతున్న నీళ్లు ఒక్కసారిగా పైకి ఎగజిమ్మాయి. రాయమల్లు తడిశాడు, మజ్జిగ పలచబడింది, సారలమ్మ గోడ మీద ముగ్గు కారిపోయింది. కింద దయాసాగర్ గట్టిగా రుద్దిన సుద్ద గీత ఒక్కటే మిగిలింది. ఇటు ప్లస్సు, అటు మైనస్సు, సరిగ్గా నడుమ నీళ్లు. దయాసాగర్ కళ్లు చెమ్మగిల్లాయి. అవి పైపు నీళ్లు కావు.

"గీత మళ్ల వచ్చింది. ఇది ఎవరు పెట్టిన్రు?" అంది సారలమ్మ బెంగగా.

"నేనే పెట్టిన అక్కా. ప్లస్సు ఎక్కడ, మైనస్సు ఎక్కడ అని తేల్చుడే నా కోర్సు," అన్నాడు దయాసాగర్ ఉన్నది ఉన్నట్టుగా.

వీధి వీధంతా అతన్ని కొత్తగా చూసింది. ప్లాటు ఎవరికో తేల్చేది ఈ సారేనని, ఆ కోర్సు చదివితే ఆ గుర్తు తమ చేతికొస్తుందని అందరికీ ఖాయమైపోయింది. రాయమల్లు మాత్రం గడ్డపార దించి, తడి చేతులతోనే నమస్కారం పెట్టాడు.

సోమవారం తరగతిలో కూర్చోవడానికి చోటు లేదు. డిగ్రీ చదివే పిల్లలున్న ప్రతి ఇల్లూ ఒకరిని పంపింది. సారలమ్మ కూతురు మొదటి బెంచీలో పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉంది. మొదటి పాఠం ప్లస్, మైనస్ గుర్తుల మీదే కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు.